హిల్లార్ మోకాలు

మంగళవారం సాయంత్రం ఆరింటికి
మూతపడిన బడి వ్యాయామశాలలో
మేం పదకొండుమందిమి, బూట్లు గుమ్మం దగ్గర విడిచి
ఉన్ని మేజోళ్లతో వరసగా నిలబడతాం.
నేల మీద పాత ఆటల గీతలు ఇంకా చెరగలేదు,
బాస్కెట్‌బాల్‌కి పసుపు, వాలీబాల్‌కి నీలం.
మేం పసుపు గీత పట్టుకుంటాం.
గెలవడానికేం లేదు. చుట్టూ తిరిగి
బయల్దేరిన చోటికే వస్తాం.

నడిపించేది వైకె.
మా భాషలో ఆ పేరులోనే మౌనం ఉంది.
మనిషి మాత్రం వంతెన కింద నీళ్లలా ఆగదు:
ఉల్లిపాయల ధర, కోడలి వంట, రాని బస్సు.
గంట మోగేదాకా వాగి వాగి
మోగాక, పొంగుతున్న పాల మీద
చన్నీళ్లు చల్లినట్టు అణిగిపోతుంది.

పాదం ఎత్తు. ముందుకి తీసుకో. దించు.
ఇంతే పాఠం.
నా ఎడమకాలికి ఇది యాభై ఏడేళ్లుగా తెలుసు,
నాకే ఇప్పుడిప్పుడు తెలుస్తోంది.

తల వంచుకుని నడుస్తాం కనుక
మొహాలకన్నా మడమలే మాకు ఎక్కువ ఎరుక.
ఉర్మాస్‌వి బూడిదరంగు, అంగట్లో కొన్నవి.
హెల్వెవి అత్తగారు అల్లినవి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.
హిల్లార్‌వి ఎర్రదారంతో మాటు వేసినవి.
ఆ మాటు ఎవరు వేశారో ఎవరం అడగలేదు.
భార్య పోయి ఆరేళ్లు. కుట్టు మాత్రం కొత్తది.

ఇక హిల్లార్ మోకాలు.
ముప్ఫై ఏళ్లు రైలు సిగ్నళ్ల గదిలో
మీటలు లాగిన మనిషి.
కుడికాలు వేసిన ప్రతిసారీ టక్.
మౌనాన్ని మేం మడతలు పెట్టి ఇస్త్రీ చేస్తుంటే
నట్టనడుమ టక్.
మొదటి నెల నేను ఊపిరి లెక్కపెట్టలేదు,
టక్కులే లెక్కపెట్టాను. చుట్టుకి నూట పన్నెండు.
మనసులో ఆ కీలుకి నూనె పోశాను,
మనసులోనే ఆ మనిషిని గుమ్మం దాకా సాగనంపాను.
దయ గురించి చదివిన పేజీలన్నీ
ఆ ఒక్క మోకాలి దగ్గర ఆగిపోయాయి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
ఎర్ర మాటు మడమలు రాలేదు.
టార్టు ఆస్పత్రిలో కొత్త మోకాలు పెడుతున్నారని
గంటకి ముందే వైకె చెప్పేసింది.
ఆ రోజు దొరికింది మేం కోరిన మౌనం,
అచ్చంగా, పిసరంత మచ్చ లేకుండా.
అందులో మేం
ఇంకో మెట్టు ఉందనుకుని
చీకట్లో కాలు వేసినవాళ్లలా తూలాం.
మలుపు దగ్గర ఉర్మాస్ ఆగాడు. వెనక నేను. నా వెనక అందరూ.
కుడికాలు వేసి, ప్రతివాళ్లమూ,
కాస్త ఆగుతున్నాం.

మార్చిలో సరస్సు మీద నడిచాం.
పైప్సి ఇంకా గడ్డకట్టే ఉంది.
అవతలి ఒడ్డు కనపడదు, అవతల ఇంకో దేశం.
మంచుకి కన్నాలు తొలిచి చేపలు పట్టేవాళ్లు
బకెట్లు బోర్లించి కూచున్నారు,
మాకన్నా ఎంతో ముందు నుంచి,
ఏ గంటా లేకుండా.
ఒకాయన మా వరస చూసి టోపీ తీశాడు,
శవయాత్ర అనుకున్నాడేమో.
నవ్వు ఆపుకోలేక హెల్వె భుజాలు కదిలాయి.

అప్పుడు కాళ్లకింద, ఎక్కడో లోతున,
మంచుగడ్డ బీటిచ్చింది.
టక్.

పదిమందిమీ ఒక్కసారే తలలెత్తాం.
భయంతో కాదు.
తెలిసినవాళ్లెవరో పిలిచినట్టు.

ఏప్రిల్లో హిల్లార్ వచ్చాడు.
చేతికర్ర, దాని కొసకి రబ్బరు తొడుగు.
కొత్త మోకాలు పిల్లికన్నా మెత్తగా నడుస్తోంది.
ఇన్నాళ్లూ మిమ్మల్ని విసిగించాను, ఏమనుకోకండి,
అన్నాడు బూట్లు విప్పుతూ.
వైకెకి కూడా మాట దొరకలేదు.
గంట కొట్టేసింది, ఐదు నిమిషాలు ముందే.

నేను అతని వెనకే చోటు చూసుకున్నాను.
ఎర్ర మాటు పక్కన ఇంకో మాటు, పచ్చదారం.
దగ్గర్నుంచి చూస్తే వంకర టింకర కుట్లు,
లాగి లాగి వేసిన ముళ్లు,
మీటలు లాగడం అలవాటైన చేతివి.